వైకల్యం ఉన్న పిల్లలు – ఆసుపత్రి పునరావాస సేవలు – మన బాధ్యత

(జుగ్సలాయిలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. సైనిక ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా చేతులకు తెలిసినంత నా నోటికి తెలియదు. కార్యదర్శిగారు "ఈసారి యుద్ధం కబుర్లు కాకుండా ఇళ్ళకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఈ విషయం ఎంచుకున్నాను. మన సంఘంలోనే వైకల్యం ఉన్న పిల్లలు గల కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ళ పిల్లలు ఈ సభకు ఎప్పుడూ రారు. ఎందుకు రారో మనందరికీ తెలుసు. ఎవరో జాలిగా చూస్తారని, ఎవరో ఏదో అడుగుతారని.

ముందుగా ఒక చిన్న చరిత్ర చెప్పుకోవాలి. పునరావాసం, అంటే రిహాబిలిటేషన్ అనే వైద్యశాఖ చాలా వరకు సిపాయి గాయాల వల్లే పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న మన జవాన్ల కోసం 1917లో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. ఇది పూనా దగ్గర కిర్కీలో ఉంది. 1944లో పూనాలోనే ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ వచ్చింది. అదే సంవత్సరం ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు ప్రత్యేక వార్డు తెరిచారు. 1948లో ఆయన పదహారుమంది మాజీ సైనికులతో, చక్రాల కుర్చీల్లోనే ఆటల పోటీ పెట్టారు. ఇవాళ మనం టీవీలో చూసే పారాలింపిక్స్‌కి అదే నాంది. మన ఈ.ఎమ్.ఇ. కోర్‌కు చెందిన మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో తూటాలు తిని, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చారు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి బంగారు పతకం. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఈ పేర్లు చెప్పినప్పుడు మనకు ఛాతీ ఉప్పొంగుతుంది. కాలు పోయిన జవానుని చూసి మనలో ఎవరూ సిగ్గుపడరు, సెల్యూట్ చేస్తాం. అదే మన ఇంట్లో పుట్టిన బిడ్డకు కాలు నిలవకపోతే తలుపులు వేసుకుంటాం. ఈ రెండు పద్ధతులు ఒకే మనిషిలో ఎలా ఉంటాయో నాకు ఎన్నేళ్ళయినా అర్థం కాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పెద్దవాళ్ళ పునరావాసానికి, పిల్లల పునరావాసానికి ఒక పెద్ద తేడా ఉంది. జవానుకి ఒకప్పుడు నడక వచ్చు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం అతని పని. మెదడులో ఆ నడక జ్ఞాపకం ఉంటుంది. బిడ్డకు అలాంటిది లేదు. మొదటిసారి నేర్చుకోవాలి, అదీ దెబ్బతిన్న మెదడుతోనో, బిగుసుకున్న కండరంతోనో. కాని బిడ్డకు ఒక వరం ఉంది. మొదటి రెండు మూడేళ్ళలో మెదడు చాలా వేగంగా పెరుగుతుంది, కొత్త దారులు వేసుకుంటుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

సెరిబ్రల్ పాల్సీ అనే జబ్బు చూడండి. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో పెరుగుతున్న మెదడుకి తగిలిన దెబ్బ అది. ఆ దెబ్బ తరవాత పెరగదు. కాని పట్టించుకోకపోతే కండరాలు పొట్టిబడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, తుంటి జారిపోతుంది. అంటే జబ్బు ముదరదు కాని వైకల్యం ముదురుతుంది. ఆ రెండో భాగాన్ని ఆపడానికే పునరావాస విభాగం ఉంది.

అక్కడ ఎవరెవరు ఏం చేస్తారో చెప్తాను, ఎందుకంటే చాలామంది "కరెంటు పెట్టే గది" అనుకుంటారు. ఫిజియోథెరపిస్టు మెడ నిలపడం, కూర్చోవడం, నిలబడడం, నడక చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు చేతి పని చూస్తారు. చెంచా పట్టుకోవడం, బొత్తాం పెట్టుకోవడం, పలక మీద రాయడం, ఇవన్నీ వారి పని. స్పీచ్ థెరపిస్టు మాటతోపాటు నమలడం, మింగడం కూడా చూస్తారు. స్ప్లింట్లు, కాలిపర్లు, ప్రత్యేకమైన బూట్లు తయారుచేసేవారు వేరే ఉంటారు. మానసిక నిపుణులు, స్పెషల్ టీచరు, సోషల్ వర్కరు ఉంటారు. వీళ్ళందరి పైన పిల్లల డాక్టరు, ఎముకల డాక్టరు. ఇంతమందిలో ముఖ్యమైన మనిషి పేరు ఇంకా చెప్పలేదు. ఆ మనిషి తల్లి.

లెక్క చూడండి. వారానికి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున థెరపీకి తీసుకెళ్తే మొత్తం గంటన్నర. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగతా 166న్నర గంటలు బిడ్డ ఇంట్లోనే ఉంటాడు. రంగ్‌రూటుగా ఉన్నప్పుడు వారానికి గంటన్నర పరేడ్ చేస్తే మనలో ఎవరికైనా డ్రిల్లు వచ్చేదా? రోజూ చేశాం కాబట్టే ఇవాళ నిద్రలో లేపి సావధాన్ అన్నా మడమలు కలుస్తాయి. బిడ్డకూ అంతే. ఆసుపత్రిలో నేర్పేది తల్లికి, తల్లి నేర్పేది బిడ్డకి.

అది ఖరీదైన పని కూడా కాదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామంది పిల్లలకు కాళ్ళు కత్తెర పడతాయి. మన అమ్మలు బిడ్డను చంకన వేసుకుని, రెండు కాళ్ళూ నడుముకి చెరో పక్క వచ్చేలా ఎత్తుకుంటారే, ఆ పద్ధతి వాళ్ళకు చాలా మంచిది. తొడలు విడి ఉంటాయి, తల నిలుస్తుంది, బిడ్డ నాలుగు దిక్కులూ చూస్తాడు. పడుకోబెట్టి ఉగ్గు పోయడం మాత్రం మానాలి, పొర బోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు ఉంచి పెట్టాలి. కూర్చోలేని బిడ్డకు గోడ మూలలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టవచ్చు. నడక నేర్పడానికి పెరట్లో రెండు వెదురు బొంగులు సమాంతరంగా కట్టుకుంటే చాలు. అయితే ఏ బిడ్డకు ఏది మంచిదో ముందు నిపుణులకు చూపించి అడగండి. ఒకరికి పనికొచ్చింది మరొకరికి పనికిరాదు.

ఇక ఎప్పుడు అనుమానించాలి? నాలుగైదు నెలలు వచ్చినా మెడ నిలవకపోయినా, పిడికిళ్ళు ఎప్పుడూ బిగించే ఉన్నా చూపించండి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా చూపించండి. ఏడాది లోపల ఒక చేతినే వాడుతూ రెండోది వదిలేస్తుంటే "మా వాడు పుర్రచేతి వాటం" అని మురిసిపోవద్దు. ఆ వయసులో చేతివాటం ఏర్పడదు, రెండో చెయ్యి బలహీనమేమో చూపించాలి. పిలిస్తే తిరగకపోయినా, కళ్ళలోకి చూడకపోయినా చూపించాలి. ఇవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చూపించి, ఏమీ లేదనిపించుకుని రావడంలో నష్టమేమీ లేదు.

ఈ విషయంలో మన ఇళ్ళలో ఒక మంచి డాక్టరు ఉంది. నాయనమ్మో, అమ్మమ్మో. కాళ్ళు చాపుకుని, పసివాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోసే ఆ అరగంటలో ఆవిడ చేతికి తెలియనిది ఉండదు. ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు, కాలు విడవకపోవడం, అన్నీ ఆ చేతికి తెలుస్తాయి. ఆవిడ ఏదైనా అంటే కొట్టిపారెయ్యకండి.

కొన్నింటికి గడువు చాలా తక్కువ. పుట్టుకతో పాదం లోపలికి తిరిగి ఉండడాన్ని క్లబ్‌ఫుట్ అంటారు. ఒకప్పుడు దీనికి పెద్ద ఆపరేషన్లు చేసేవారు. అమెరికాలో డాక్టర్ పోన్సెటి కనిపెట్టిన పద్ధతిలో పుట్టిన కొన్ని వారాల్లోనే మొదలుపెట్టి, వారానికో కట్టు చొప్పున సాధారణంగా అయిదారు కట్లు వేస్తారు. చాలామందికి మడమ నరాన్ని చిన్నగా కోస్తారు. తరవాత ప్రత్యేకమైన బూట్లు మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ళ దాకా రాత్రిపూట వెయ్యాలి. పాదం తిన్నగా కనబడగానే చాలామంది బూట్లు మానేస్తారు, పాదం మళ్ళీ తిరుగుతుంది.

వినికిడికి కూడా అంతే. నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కంటి రెటీనా పరీక్ష పుట్టిన ముప్ఫై రోజుల్లోపు జరగాలి. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా మీరే డాక్టరుని అడిగి చేయించండి.

పేర్లు లేకుండా ఒక కుటుంబం సంగతి చెప్తాను. ఇక్కడ జుగ్సలాయిలోనే, స్టేషను దగ్గర ఉండే తెలుగువాళ్ళు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మనవడు పుట్టేటప్పటికి తండ్రి ఈశాన్యంలో ఫీల్డ్ ఏరియాలో ఉన్నాడు. ఎనిమిదో నెలలో కాన్పు. నీళ్ళు పోస్తూ నాయనమ్మ ముందే చెప్పింది: "వీడి కాళ్ళు కత్తెర పడుతున్నాయి, ఇడదీయలేకపోతున్నాను." ఇంట్లో ఎవరూ వినలేదు. "మీ ఆయనకీ ఆలస్యంగానే నడకొచ్చింది" అన్నారు చుట్టాలు. మొక్కులు అయ్యాయి, మాలిషు అయింది, ఏడాది గడిచిపోయింది. ఏడాదిన్నరకు ఆసుపత్రిలో సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఆ తల్లి ఏడ్చింది ఒక్కరోజే. మర్నాటి నుంచి బిడ్డను చంకన వేసుకుని, గేటు పడితే రైలు పోయేదాకా ఎండలో నిలబడి, గేటు దాటి ఆటో పట్టుకుని థెరపీకి వెళ్ళేది. ఓవర్ బ్రిడ్జి రాకముందు మన జుగ్సలాయి గేటు ఎలా ఉండేదో మీకు నేను చెప్పాలా?

రెండేళ్ళు దాటినా వాడికి మాట రాలేదు. ఒకచోట ఎవరో సలహా ఇచ్చారు: "ఇంట్లో తెలుగు, బయట హిందీ, పక్కింట్లో బెంగాలీ. బిడ్డ తికమక పడుతున్నాడు. తెలుగు మానెయ్యండి." మానేశారు. తల్లికి హిందీ అంతంతమాత్రం, నాయనమ్మకు అసలు రాదు. దాంతో రోజంతా బిడ్డతో గడిపే నాయనమ్మ మౌనం అయిపోయింది. జోల లేదు, ఊసులు లేవు, చందమామను చూపించడం లేదు. మాట రాని బిడ్డకు ఉన్న మాటలు కూడా పోయాయి.

ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఈ సంగతి పరిశోధనల్లో ఎన్నోసార్లు తేలింది. మాట ఆలస్యమైన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. బిడ్డకు కావలసింది ఎక్కువ మాటలు, ప్రేమగా, తప్పుల్లేకుండా వచ్చే మాటలు. అవి తల్లికి ఏ భాషలో వస్తే ఆ భాషలోనే మాట్లాడాలి. థెరపిస్టు హిందీలో నేర్పితే తల్లి దాన్ని తెలుగులో చేస్తుంది, ఇబ్బంది లేదు. రెండేళ్ళకోసారి ఊరు మారే మన కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. పఠాన్‌కోట్ అయినా పోర్ట్‌బ్లెయిర్ అయినా బిడ్డతోపాటు మారకుండా వచ్చేది ఇంటి భాష ఒక్కటే.

ఆ కుటుంబం మళ్ళీ తెలుగు మొదలుపెట్టింది. వాడి మొదటి మాట "నానమ్మా". ఇవాళ వాడికి తొమ్మిదేళ్ళు. వాకరుతో నడుస్తాడు. మెట్లు ఎక్కలేడు. రాత కష్టం. లెక్కలు మాత్రం తండ్రికంటే బాగా చేస్తాడు. ఇది అద్భుతం అని నేను అనను. ఏడాది ముందు మొదలుపెట్టి ఉంటే ఇంకా ఎంత బాగుండేదో ఎవరూ చెప్పలేరు. మొదలు పెట్టకపోతే ఏమయ్యేవాడో మాత్రం ఈ చేతులతో చూసినవాణ్ణి, నాకు తెలుసు.

ఎక్కడికి వెళ్ళాలి అని అడుగుతారు. మన ఊళ్ళో టాటా మెయిన్ హాస్పిటల్, ఎమ్‌జీఎమ్ వైద్య కళాశాల ఆసుపత్రి, జిల్లా సదర్ ఆసుపత్రి ఉన్నాయి. సుందర్‌నగర్‌లో చెషైర్ హోమ్ ఉంది. ఆ హోమ్‌లకు పేరిచ్చిన లెనార్డ్ చెషైర్ కూడా మనలాంటివాడే, బ్రిటిష్ వాయుసేనలో గ్రూప్ కెప్టెన్, విక్టోరియా క్రాస్ పొందినవాడు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత వికలాంగుల సేవకే జీవితం ఇచ్చాడు. పెద్ద స్థాయిలో చూపించాలంటే రాత్రి రైలెక్కితే కలకత్తా బన్‌హుగ్లీలో చలన వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా పిల్లలకు పరీక్షలు, చికిత్స ఉచితం. అంగన్‌వాడీకి, ప్రభుత్వ బడికి వచ్చే డాక్టర్ల బృందాన్ని తప్పించుకోకండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. ఆవా (AWWA) వారి ఆశా స్కూళ్ళు చాలా స్టేషన్లలో ఉన్నాయి, సికింద్రాబాద్‌లోనూ ఉంది. నేవీ వారి సంకల్ప్ స్కూలు విశాఖపట్నంలో ఉంది. మీ బిడ్డకు అవసరమని సీ.ఓ. గారికి చెప్పండి, అలాంటి స్టేషనుకి పోస్టింగు కోరండి. అడగడం నామోషీ అనుకుని ఊరుకుంటే పోయేది మీ బిడ్డ వయసు. పిల్లల చదువు అలవెన్సు వైకల్యం ఉన్న బిడ్డకు రెట్టింపు ఇస్తారు, అది కూడా చాలామందికి తెలియదు.

ఇప్పుడు మా వయసువాళ్ళను రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న. మన తరవాత ఈ బిడ్డ గతేమిటి?

మన ఎరికలోనే ఒక సుబేదారు గారు పోయారు. పెన్షను భార్యకు వచ్చింది. వాళ్ళ అమ్మాయికి పుట్టుకతో బుద్ధిమాంద్యం, నలభై దాటింది. కొన్నాళ్ళకు తల్లి కూడా పోయింది. రికార్డుల్లో ఆ అమ్మాయి పేరు ఉంది కాని వైకల్యం ఉన్నట్టు ఎక్కడా లేదు. సర్టిఫికెట్ తీయించలేదు, పరువు పోతుందని. ఇప్పుడు మేనమామ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ తిరుగుడు మనలో ఎవరి పిల్లలకూ రాకూడదు.

అందుకని నాలుగు పనులు రాసుకోండి. ఒకటి, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఏడు రకాలను ఇరవై ఒకటికి పెంచింది. నలభై శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్, యూ.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. చదువు, రైలు రాయితీ, ఆదాయపు పన్ను మినహాయింపు, అన్నింటికీ అదే తాళంచెవి. రెండు, సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు కుటుంబ పెన్షను జీవితాంతం వస్తుంది. మీరు బతికి ఉండగానే రికార్డు ఆఫీసుకి రాసి బిడ్డ పేరు, వైకల్యం వివరం ఎక్కించండి. మూడు, శాశ్వత వైకల్యం ఉన్న ఆధారిత పిల్లలకు ఈ.సి.హెచ్.ఎస్.లో వయోపరిమితి అడ్డురాదు, కార్డు చేయించండి. నాలుగు, పద్ధెనిమిదేళ్ళు నిండాక బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ ద్వారా చట్టబద్ధమైన గార్డియన్‌ను నియమించుకోవచ్చు. "అన్నయ్య చూస్తాడులే" అనే మాట బ్యాంకులో చెల్లదు.

పిల్లలు ఏం సాధిస్తారో ముందే తేల్చెయ్యకండి. వరంగల్ దగ్గర కల్లెడ గ్రామంలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన దీప్తి జీవాంజికి బుద్ధిమాంద్యం. ఊళ్ళో వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. ఆ అమ్మాయి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అందరూ దీప్తి కానక్కరలేదు. తన అన్నం తాను తినగలిగితే, తన బట్టలు తాను వేసుకోగలిగితే అది కూడా పతకమే. ఆ పతకం తల్లికి రోజుకు మూడుసార్లు వస్తుంది.

చివరగా సంఘానికి మూడు విన్నపాలు. వైకల్యం ఉన్న పిల్లలున్న కుటుంబాల కాగితాల పని చూడడానికి ఇద్దరు సభ్యులను నియమించండి. రికార్డు ఆఫీసుకి ఉత్తరం ఎలా రాయాలో తెలిసిన మాజీ క్లర్కులు మనలో ఎంతమంది లేరు? రెండోది, తండ్రి ఫీల్డ్‌లో ఉన్నప్పుడు తల్లితో ఆసుపత్రికి తోడు వెళ్ళడానికి వంతులు వేసుకుందాం. డ్యూటీ రోస్టరు రాయడం మనకు కొత్తకాదు. మూడోది, వచ్చే ఉగాది కార్యక్రమానికి హాలు మెట్ల పక్కన ఒక వాలు బల్ల వేయించండి, ఆ పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి. వాల్చిన బల్లకు అయ్యే ఖర్చు నేను ఇస్తాను, చెక్క పని ఎవరైనా చెయ్యండి.

సభ తరవాత నేను ఇక్కడే ఉంటాను. ఎవరి బిడ్డ గురించైనా అడగాలంటే పక్కకు పిలిచి అడగండి. ఇంటికి రమ్మన్నా వస్తాను.

జై హింద్.